గృహహింస కేసులో ఒక్కో ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపిస్తోంది, అసలు ఎవరిని పట్టుకోవాలి?

హైవే_పక్క_ఇల్లు
మాది రణస్థలం దగ్గర. మా వెనుక వాటాలో అద్దెకుండే అమ్మాయి సంగతి ఇది. ఇద్దరు పిల్లలు, భర్త ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. కొట్టడం కొత్త కాదు కానీ ఈసారి చెయ్యి విరిగింది. నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. స్టేషనులో ఆసుపత్రి కాగితం తెమ్మన్నారు. ఆసుపత్రిలో పోలీసుల దగ్గర నుంచి లేఖ తెమ్మన్నారు. సచివాలయంలో మహిళల హెల్ప్‌లైను 181కి ఫోను చేయమన్నారు. 181 వాళ్లు మర్యాదగానే మాట్లాడి జిల్లా కేంద్రంలో హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లమన్నారు. అక్కడ అన్నం పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు, కానీ ఐదు రోజులకు మించి ఉంచడం కుదరదన్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, అదే విచిత్రం. ప్రతి చోటా ఆ పిల్ల పెళ్లి దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాల్సి వచ్చింది. చివరి ఆఫీసుకు చేరేసరికి కథంతా మానేసి "కొట్టాడు మేడం" అని ఊరుకుంది. మేడం గారు కాగితం మీద "కుటుంబ కలహం" అని రాసుకున్నారు. వీళ్లందరినీ కలిపి నడిపించే మనిషి అంటూ చట్టంలో ఎవరైనా ఉన్నారా? లేక మనమే తిరగాలా?

జీడిపిక్క
పలాస నుంచి హాజరు. మా దగ్గరా ఇదే వరస. బస్సు కండక్టరు మాత్రం ఎక్కడ దిగాలో సరిగ్గా చెబుతాడు.

నల్లకోటు_చీపురుపల్లి
ఉన్నారు. 2005 గృహహింస చట్టంలో 8వ సెక్షన్ కింద రక్షణాధికారి అని ఒకరిని పెట్టారు. 9వ సెక్షన్ చదివితే మీరు తిరిగిన తిరుగుడంతా ఆ అధికారి చేయాల్సిన పనే. గృహహింస ఘటన నివేదిక (కోర్టు భాషలో డీఐఆర్) తయారు చేయాలి, మేజిస్ట్రేటుకు పంపాలి, ఒక ప్రతి ఆ ప్రాంతపు స్టేషనుకు ఇవ్వాలి, వైద్య పరీక్ష చేయించాలి, ఆశ్రయం చూపించాలి, ఉచిత న్యాయ సహాయం అందేలా చూడాలి. ఆమె చెప్పేది ఒక్కసారి రాసుకుంటే ఆ కాగితమే మిగతా చోట్లకు వెళ్లాలన్నది చట్టం ఉద్దేశం. మన రాష్ట్రంలో ఆ బాధ్యతను మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరుకు అప్పగించారు. కింద డీవీ సెల్‌లో (గృహహింస కేసులు చూసే విభాగం) కౌన్సెలర్లు ఉంటారు. అయితే జిల్లా మొత్తానికి ఒక్క అధికారి, ఆ అధికారికి ఇంకా వంద పనులు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా శాఖలోని అధికారులను గుర్తించి జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులుగా పెట్టాలని రాష్ట్రాలకు చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరు 26న. ఇన్నేళ్ల తర్వాత కూడా చెప్పించుకోవాల్సి వచ్చింది.

జీడిపిక్క
అంటే అంగన్‌వాడీ కోడిగుడ్ల లెక్క చూసే ఆఫీసరే కోడళ్ల లెక్క కూడా చూడాలన్నమాట.

నాగావళి_గట్టు
జీడిపిక్క బాబూ, ఆ గుడ్ల లెక్క చూసిన శాఖలోనే నేను సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. నవ్వుకో, పరవాలేదు. లోపలి మాట చెబుతాను. సమన్వయం అనగానే మనవాళ్లు సమావేశం పెడతారు. కలెక్టరేటులో ఫ్లెక్సీ కడతారు, పోలీసు, వైద్యం, న్యాయం, రెవెన్యూ అందరూ వస్తారు. వస్తారంటే రావాల్సిన వారి బదులు సంతకం పెట్టగలిగినవారు వస్తారు. సమోసాలు అయ్యాక "శాఖలన్నీ సమన్వయంతో పనిచేయాలి" అని మినిట్స్‌లో రాసుకుంటాం. మళ్లీ సమావేశంలోనూ అదే వాక్యం.

నిజంగా పనిచేసింది వేరు. మా మండలంలో ఒక ఏఎన్ఎం, ఒక అంగన్‌వాడీ టీచరు, ఒక పొదుపు సంఘం లీడరు, స్టేషనులో ఒక హెడ్ కానిస్టేబుల్. ఈ నలుగురి దగ్గర ఒకరి నంబరు ఒకరికి ఉండేది, అంతే. టీకాల బుధవారం నాడు ఏఎన్ఎం ఒక బాలింత మెడ మీద కమిలిన గుర్తు చూసింది. ఆ ఇంటి పెద్ద పిల్ల వారం నుంచి కేంద్రానికి రావడం లేదని టీచరుకు తెలుసు. ఆమె గాజులు, పట్టీలు తాకట్టులోకి వెళ్లాయని సంఘం లీడరుకు తెలుసు. అతను అంతకుముందు అన్నను కత్తితో బెదిరించాడని హెడ్డుకు తెలుసు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్న విషయాలే. నలుగురూ మాట్లాడుకున్న సాయంత్రమే ఆమెను పిల్లలతో సహా పుట్టింటికి చేర్చాం.

పాత_లాఠీ
మేడం గారు చెప్పింది నిజం. నేను పోలీసు శాఖలో పనిచేశాను. కానీ ఒక్క మాట. ఆ హెడ్ కానిస్టేబుల్‌కు బదిలీ అయితే? కొత్తవాడికి ఆ నంబర్లూ తెలియవు, ఆ అలవాటూ ఉండదు. మనుషుల మంచితనం మీద నడిచే ఏర్పాటు బదిలీ ఉత్తర్వు వచ్చేదాకానే.

నాగావళి_గట్టు
అందుకే బదిలీ కానివాళ్లతో మొదలుపెట్టాలి అంటాను. అంగన్‌వాడీ టీచరు, ఆశా, సంఘం లీడరు ఆ ఊళ్లోనే ఉంటారు. ఎస్సైలు వస్తుంటారు, పోతుంటారు. వచ్చిన ప్రతివాడి దగ్గరికీ వీళ్లే వెళ్లి పరిచయం చేసుకోవాలి.

సముద్రం_హోరు
అందరూ మాట్లాడుకుంటే మంచిదని సులువుగా అంటున్నారు. నా వైపు నుంచి కూడా వినండి. మాది తీరంలో ఊరు. నా భర్త వేటకు గుజరాత్ వెళ్లేవాడు, వచ్చిన నెలలన్నీ నాకు నరకం. ధైర్యం చేసి ఊళ్లో ఒక ఉద్యోగికి చెప్పుకున్నాను. అతను మా అత్తకు మేనల్లుడి వరస. చీకటి పడేలోగా నేను చెప్పిన మాటలు, నేను చెప్పిన వరసలోనే, మా ఇంట్లో వినిపించాయి. ఆ రాత్రి ఏమైందో రాయను. ఊళ్లో నలుగురికి తెలియడం రక్షణ అని మీరు అనుకుంటారు. మా ఊళ్లో ఆ నలుగురూ చుట్టాలే.

హైవే_పక్క_ఇల్లు
చెల్లీ, ఇది నేను ఆలోచించలేదు. తర్వాత ఎలా బయటపడ్డావు? రాయాలనిపిస్తేనే.

సముద్రం_హోరు
ఊళ్లో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వేరే పట్నంలో ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ ఒక సిస్టరు గారు "ఎవరికి చెప్పమంటావో నువ్వే చెప్పు" అని అడిగారు. అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. అక్కడి నుంచి పని కదిలింది.

సిరిమాను_వీధి
విజయనగరం వైపు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. క్యాజువాలిటీ రిజిస్టరు తిరగేస్తే ఆడవాళ్ల పేర్ల పక్కన "బాత్రూంలో జారిపడినది" అని ఎన్నిసార్లు ఉంటుందో చెప్పలేను. జారిపడినవాళ్లు అరచెయ్యి ఆనించి పడతారు, మణికట్టు విరుగుతుంది. దెబ్బ తప్పించుకోవడానికి చెయ్యి అడ్డుపెట్టినవాళ్లకు ముంజేతి బయటి వైపు, చిటికెన వేలు ఉన్న వైపు తగులుతుంది. మట్టి గాజుల ముక్కలు అక్కడే దిగబడి ఉంటాయి, పట్టకారుతో తీస్తాం. పక్కన నిలబడి మా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పేది భర్త. అందుకని మేము మొదట ఆయనను ఏదో ఒక చీటీ ఇచ్చి బయటి కౌంటరుకు పంపిస్తాం. ఆ కాసేపట్లోనే అడగాలి.

ఇంకోటి. పోలీసు లేఖ లేనిదే చూడము అన్నది తప్పు. గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నియమాల్లో 17వది చూడండి. డీఐఆర్ లేదన్న కారణంతో ఏ ఆసుపత్రీ వైద్యం నిరాకరించకూడదు. డీఐఆర్ లేకపోతే ఆసుపత్రే ఆ ఫారం నింపి రక్షణాధికారికి పంపాలి. వైద్య నివేదిక నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఈ మాట మా డ్యూటీ డాక్టర్లలోనే చాలామందికి తెలియదు. నేను ఆ పేజీ జిరాక్సు తీసి రిజిస్టరులో పెట్టుకున్నాను.

హైవే_పక్క_ఇల్లు
ఆ పేజీ ఇక్కడ ఫొటో పెట్టగలరా? రేపు మళ్లీ వెళ్తాను.

తోటపల్లి_కాలువ
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు. మా పెదనాన్న కొడుకు మీద కేసు పెట్టారు, ముసలి తల్లిని కూడా చేర్చారు. చిన్న గొడవ అది. ఇప్పుడు పోలీసు, ఆసుపత్రి, అంగన్‌వాడీ అందరూ ఏకమైతే మగవాడు ఎక్కడికి పోవాలి? ముందు పెద్దమనుషుల్లో పెట్టి సర్దాలి కదా.

పొదుపు_పుస్తకం
పెద్దమనుషుల్లో పెడితే ఏమవుతుందో నరసన్నపేట వైపు ఎవరినైనా అడగండి. "ఇకమీదట కొట్టనని మాటిచ్చాడు, నువ్వూ నోరు తగ్గించుకో." తీర్పు ఎప్పుడూ ఇదే. కొట్టినవాడికి మాట, తిన్నదానికి బుద్ధి.

నల్లకోటు_చీపురుపల్లి
తోటపల్లి గారూ, మీ భయం జైలు గురించి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక 498ఏలో (భర్త, అత్తింటివారి వేధింపుల సెక్షన్) చటుక్కున అరెస్టు చేయడం లేదు, ముందు నోటీసు ఇస్తారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. ఇక గృహహింస చట్టం ప్రధానంగా సివిల్ దారి. కొట్టవద్దు, ఇంట్లోంచి గెంటవద్దు, ఖర్చులకు ఇంత ఇవ్వు అని మేజిస్ట్రేటు చెబుతారు. ఆ ఉత్తర్వు మీరితేనే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిజానికి రక్షణాధికారి వ్యవస్థ సరిగ్గా నడిస్తే మీ అన్నగారి వంటివారికే నయం. ఆ దారి తెలియకే ప్రతి గొడవా క్రిమినల్ కేసుగా స్టేషనుకు చేరుతోంది.

తోటపల్లి_కాలువ
సరే, ఉత్తర్వు వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ ఉత్తర్వు ఎన్నేళ్లకు వస్తుంది?

నల్లకోటు_చీపురుపల్లి
మంచి ప్రశ్న. చట్టం ప్రకారం మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లోపు, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో ముగించేందుకు ప్రయత్నించాలి. ఆచరణలో నోటీసు అందకే నెలలు గడుస్తాయి. భర్త చెన్నైలోనో హైదరాబాదులోనో మేస్త్రీ పనిలో ఉంటాడు, చిరునామా ఇంటివాళ్లు చెప్పరు. అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు మొదటి రోజే అడగాలి. చాలామంది అడగరు, అడిగించేవాళ్లు ఉండరు.

సోషల్_వర్క్_చదువు
విశాఖలో ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతున్నాను, మాది గజపతినగరం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊళ్లో 1980ల మొదట్లో ఇదే సమస్యతో మొదలుపెట్టారు. పోలీసు, కోర్టు, ఆశ్రయ గృహం ఎవరి నియమం వారివి. వాళ్లు ప్రతి దశలో రాతపూర్వక నియమాలు పెట్టి, కేసు ఎక్కడ జారిపోతోందో బయటి నుంచి గమనించే చిన్న సంస్థను పెట్టుకున్నారు. పాత_లాఠీ గారు అన్న బదిలీ సమస్యకు వాళ్ల జవాబు అదే: మనిషి మారినా నియమం మారదు.

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003లో ఇంకోటి మొదలైంది. అన్ని కేసులూ కాదు, ప్రాణాపాయం ఎక్కువున్నవి మాత్రమే అన్ని శాఖల వాళ్లు కూర్చుని ఒక్కొక్కటీ చర్చిస్తారు. బాధితురాలి తరఫున మాట్లాడటానికి ఒక మనిషి ఉంటారు. సముద్రం_హోరు అక్క చెప్పిన భయానికి ఇది కొంత దగ్గరగా ఉంది, ఎందుకంటే అక్కడ ఊరి మనుషులు ఉండరు, బాధ్యత ఉన్న అధికారులే ఉంటారు.

జీడిపిక్క
డులూత్‌లో సమోసాలు పెడతారా?

సోషల్_వర్క్_చదువు
దూరం అనుకుంటే ముంబై చూడండి. బాంద్రాలో భాభా ఆసుపత్రిలో దిలాసా కేంద్రం ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. నగరపాలక సంస్థ, సెహత్ అనే సంస్థ కలిసి పెట్టాయి. సిరిమాను_వీధి గారు చేస్తున్న పనే అక్కడ ఆసుపత్రి పద్ధతిగా మారింది. గుర్తుపట్టాలి, విడిగా అడగాలి, పక్క గదిలోని కౌన్సెలరు దగ్గరికి తీసుకెళ్లాలి.

సిరిమాను_వీధి
పక్క గది! మాకు పక్క గదిలో సెలైన్ పెట్టెలు ఉన్నాయి.

పాత_లాఠీ
ప్రాణాపాయం అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఏ కేసు చేయి దాటుతుందో మాకు ఒక అంచనా ఉండేది. గొంతు పట్టుకున్నాడంటే తేలిగ్గా తీసుకోకూడదు, బయటికి గుర్తు కనిపించకపోయినా సరే. కిరసనాయిలు, పెట్రోలు పేరు ఎత్తాడంటే, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడంటే, ఆమె వెళ్లిపోతానన్నాక వెంటాడుతున్నాడంటే రాజీ మాట ఎత్తకూడదు. అన్నిటికంటే ప్రమాదం ఆమె ఇల్లు వదిలిన కొత్తలోనే. మనం మాత్రం ఆటో ఎక్కించి హమ్మయ్య అనుకుంటాం. ఎక్కించిన తర్వాతే బీటు కానిస్టేబుల్ ఆ వీధిలో కనిపిస్తూ ఉండాలి. ఇది ఏ శిక్షణలోనూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాం.

తోటపల్లి_కాలువ
తాగుడు సంగతి ఎవరూ ఎత్తలేదు. బెల్టు షాపులు మూస్తే సగం తగ్గుతుంది.

పొదుపు_పుస్తకం
తాగినవాడు ఎస్సైని కొట్టడు, కాంట్రాక్టరును కొట్టడు. ఇంటిదాకా జాగ్రత్తగా నడిచొచ్చి పెళ్లాన్నే కొడతాడు. అంత మత్తులోనూ మనిషిని సరిగ్గా గుర్తుపడతాడు.

నాగావళి_గట్టు
షాపులు మూయాల్సిందే, అది వేరే పోరాటం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెడితే 1995లో రాష్ట్రమంతా నిషేధం వచ్చింది. తర్వాత నిషేధం పోయింది. దెబ్బలు మాత్రం ఆ మధ్యలో కూడా పూర్తిగా ఆగలేదు.

పొదుపు_పుస్తకం
ఈ చర్చలో బ్యాంకు పేరు ఎవరూ రాయలేదు. సంఘం అప్పు ఆమె పేరు మీద ఉంటుంది, డబ్బు అతని మోటారు సైకిలుకు వెళ్లి ఉంటుంది. ఆమె పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లగానే మన సంఘం వాళ్లే వాయిదా కట్టమని అక్కడికి ఫోను చేస్తారు. గ్రూపుకు మార్కు పోతుందని భయం. అంటే మొగుడు ఇంట్లోంచి, సంఘం బయటి నుంచి, ఇద్దరూ కలిసి ఆమెను వెనక్కి నెడుతున్నాం. మా గ్రూపులో ఒకామెకు ఇలా జరిగినప్పుడు పెద్ద గొడవే అయింది. చివరికి పొదుపు నిధి నుంచి ఆమె వాయిదాలు సర్దుదామని తీర్మానం రాసుకున్నాం, తర్వాత ఆమె కుట్టుపనితో తీర్చేసింది. ఇంకోటి కాగితాలు. ఆధార్, బియ్యం కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్లు అన్నీ అతని ఇంట్లో. కార్డు విడగొట్టమని వెళ్తే విడాకుల కాగితం అడిగారు. కొట్టించుకుని వచ్చినదాని దగ్గర విడాకుల కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

సముద్రం_హోరు
ఇది నిజం. నాకు కేసు కంటే కార్డు కష్టమైంది.

నల్లకోటు_చీపురుపల్లి
19వ సెక్షన్‌లో దానికి దారి ఉంది. ఆమె స్త్రీధనం, విలువైన పత్రాలు తిరిగి ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు, తెచ్చి ఇచ్చేందుకు పోలీసు సాయం కూడా అడగవచ్చు. దరఖాస్తులో ఒక్కో కాగితం పేరు విడిగా రాయాలి. "నా వస్తువులు" అని రాస్తే గిన్నెలు ఇచ్చి పంపిస్తారు.

సోషల్_వర్క్_చదువు
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో దేశం మొత్తం మీద హింస ఎదుర్కొన్న ఆడవాళ్లలో సాయం అడిగినవాళ్లు 14 శాతం. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. మనం ఇక్కడ మాట్లాడుకునేదంతా ఆ 14 మంది గురించే.

నాగావళి_గట్టు
అందుకే టీకాల రోజు, బడి, రేషను దుకాణం లాంటి చోట్లు ముఖ్యం అంటున్నాను. ఫిర్యాదు చేయని ఆమె కూడా అక్కడికి వస్తుంది. కానీ సముద్రం_హోరు చెప్పిన తర్వాత నా మాటకు ఒకటి చేరుస్తాను. ఆమెను అడగకుండా నంబర్లు తిప్పకూడదు. నలుగురిలో ఎవరు అతని చుట్టమో ముందు ఆమెనే అడగాలి. ప్రాణం మీదకు వస్తే మాత్రం ఆగకుండా అత్యవసర నంబరు 112కి ఫోను చేయాలి.

పాత_లాఠీ
ఫోను వాడలేని పరిస్థితి ఉంటుంది. నంబరు భర్త చూస్తాడు. మా కాలంలో ఒకామె కిరాణా కొట్టు ఫోను నుంచి చేసేది, కొట్టు ఆవిడతో ముందే మాట్లాడుకుని.

హైవే_పక్క_ఇల్లు
సిరిమాను_వీధి సిస్టరు గారు పెట్టిన పేజీ ఫొటో ప్రింటు తీసుకుని వెళ్లాను. డ్యూటీ డాక్టరు రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా కేసు రాశారు. నకలు ఇచ్చారు. డీవీ సెల్‌లో కౌన్సెలరు మధ్యాహ్నం వరకు కూర్చోబెట్టి ఫారం నింపించారు, గొంతు పట్టుకున్నాడా అని కూడా అడిగారు. పట్టుకున్నాడట, నాతో ఎప్పుడూ చెప్పలేదు. వకీలు ఫీజు సంగతి?

నల్లకోటు_చీపురుపల్లి
జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. ఫోనులో అయితే 15100. ఐదు రోజుల గడువు అయ్యాక ఉండటానికి శక్తి సదన్ గురించి కౌన్సెలరునే అడగండి, ఇదివరకు స్వధార్ గృహం అనేవారు. ఆ గొంతు సంగతి డీఐఆర్‌లో ఎక్కిందో లేదో చూడండి, లేకపోతే చేర్పించండి.

తోటపల్లి_కాలువ
ఇల్లు ఆమె మామగారి పేరు మీద ఉంటే ఉండే హక్కు ఉండదు కదా?

నల్లకోటు_చీపురుపల్లి
ఈ అమ్మాయిది అద్దె ఇల్లు. అయినా చెబుతాను. 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహూజా కేసులో, అత్తమామల పేరున ఉన్న ఇల్లైనా ఆమె కాపురం చేసిన ఇల్లయితే నివాస హక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ముసలివాళ్ల ఇబ్బంది కూడా కోర్టు చూస్తుంది, మీ పెద్దమ్మ గారి గురించి దిగులు పడకండి.

తోటపల్లి_కాలువ
ఆమె సంగతి మీకెలా తెలిసింది, నేను పెద్దమ్మ అని రాయలేదు.

జీడిపిక్క
పెదనాన్న భార్యను ఇంకేమంటారు అన్నా, సాక్ష్యం మీరే ఇచ్చారు.

ఇచ్ఛాపురం_గేటు
ఆలస్యంగా చూశాను. మాది సరిహద్దు. మా మేనకోడలిని బరంపురం ఇచ్చాం. దెబ్బలు తట్టుకోలేక మా దగ్గరికి వచ్చేసింది. ఇక్కడ స్టేషనులో ఒడిశాలో జరిగింది అక్కడే పెట్టుకోండి అంటున్నారు. అక్కడికి వెళ్తే వాళ్ల మనుషులు ఊరంతా. ఏం చేయాలి?

నల్లకోటు_చీపురుపల్లి
అక్కడికి వెళ్లనక్కర్లేదు. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా దరఖాస్తు చేయవచ్చు, ఇక్కడ వచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. క్రిమినల్ ఫిర్యాదు కూడా, తలదాచుకున్న చోట పెట్టవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

పాత_లాఠీ
నోటితో చెప్పవద్దు. రాసి తీసుకెళ్లి రసీదు అడగండి. తీసుకోకపోతే ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు. ఒడియాలో ఉన్న ఆసుపత్రి చీటీలు ఏమైనా ఉంటే పారేయకండి.

ఇచ్ఛాపురం_గేటు
ఉన్నాయి, రెండు. ఒకదాని మీద "మెట్ల మీద నుంచి పడింది" అని ఉంది.

సిరిమాను_వీధి
అది కూడా తీసుకెళ్లండి. తారీఖు, దెబ్బ తగిలిన చోటు పనికొస్తాయి. చెయ్యి ఏ వైపు తగిలిందో చూశారా?